కింది రెండు వరుసలు

“ఆపాల్సినోళ్లు ఆపకపోతే ఇంకెవరు ఆపాలె అక్కా?”

యమున ఈ మాట అడగడం ఇది నాలుగోసారి. పొద్దున ఏడుస్తూ అడిగింది. పదకొండు గంటలప్పుడు వీధికి వినిపించేలా అరుస్తూ అడిగింది. ఇప్పుడు మధ్యాహ్నం మూడు కావస్తుంటే గొంతు పెంచకుండా, తలుపుకు ఆనుకుని అడుగుతోంది. జవాబు చెప్పడం ఇప్పుడే ఎక్కువ కష్టంగా ఉంది.

అరుణజ్యోతి మంచం అంచున కూర్చుని ఫోనులో ఒకే ఉత్తరాన్ని పైకీ కిందికీ జరుపుతోంది. ఒంటి మీద ఇంకా ఎయిర్‌పోర్టు యూనిఫాం ఉంది. పొద్దున బొంగులూరు దాకా వెళ్లి, కంపెనీ క్యాబు ఎక్కబోతుండగా ‘ఇవాళ డ్యూటీకి రావద్దు’ అని మెసేజ్ వస్తే అటునుంచి అటే తిరిగొచ్చింది. బట్టలు మార్చుకోవాలని కూడా ఆమెకు తోచలేదు.

“నిన్నే అడుగుతున్న. ఇనబడుతలేదా?”

“ఇనబడుతున్నది యమునా.”

“ఇనబడితే చెప్పు మరి. ఆయన మస్కట్ల ఒక అర్రల కుర్సీ మీద కూసొని ఇరవై నాలుగు గంటలైంది. గడప దాటనిస్తలేరు. నిన్న ఈడనే ఆపి, ఈ పాస్‌పోర్టు చెల్లదు రత్నాకర్, ఇంటికి పో అంటే పోతుండె. కొత్తది తీసుకుంటుండె. హోటలోళ్లు పది దినాలు ఆగుతుండిరి. ఇప్పుడు ఆడిదాంక పోయి వాపస్ వచ్చినోన్ని మల్ల ఎవరన్న రానిస్తరా?”

ఈ ప్రశ్నలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అదే అరుణజ్యోతిని కాల్చేస్తోంది. రత్నాకర్ ఆమెకు మరిది, యమునకు భర్త. ఇబ్రహీంపట్నం చెరువులో నాన్న పడవ పక్కన ఈత నేర్చినవాడు. ఆదిబట్ల పక్కన రిసార్టులో ఆరేళ్లు పిల్లలకు ఈత నేర్పాడు. మస్కట్‌లో పెద్ద హోటల్ వాళ్లు లైఫ్‌గార్డుగా తీసుకుంటామంటే ఈ ఇల్లంతా నెలరోజులు నేల మీద నడవలేదు. ఆ కుర్రాడు ఇవాళ సాయంత్రం విమానంలో వెనక్కి వస్తున్నాడు.

అరుణజ్యోతి భర్త రమాకాంత్ గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. సాగర్ రోడ్డు మీద అతనికి బ్యాటరీల దుకాణం ఉంది. రోడ్డు వెడల్పు చేస్తామని మొన్న ఎవరో వచ్చి ఎర్ర రంగుతో గీత గీసి వెళ్లారు. ఆ గీత షట్టరుకు నాలుగడుగులు లోపల పడింది. అప్పటినుంచి అతనికి కూర్చుంటే కుదురు లేదు, నిలబడితే నిలకడ లేదు.

“దాన్నొక్కదాన్నే అంటవేంది యమునా?” అన్నాడు. “ఎయిర్‌పోర్టుల ఎంతమంది చూస్తరో ఎర్కనా? కౌంటర్ల చూస్తరు. ఇమిగ్రేషన్ల చూసి ముద్ర కొడ్తరు. ఎక్కేకాడ మల్ల చూస్తరు. గంతమంది చూడంగ పోయినోనికి గిదొక్కతే ఎట్ల జవాబు చెప్తది?”

మొగుడు తన తరఫున మాట్లాడుతున్నాడు. ఊరుకుంటే సరిపోయేది. కానీ తొమ్మిదేళ్లు చెక్-ఇన్ కౌంటర్‌లో కూర్చున్న మనిషికి ఆ మాట ఒప్పుకోబుద్ధి కాలేదు.

“గట్ల గాదు,” అంది అరుణజ్యోతి. “ఇమిగ్రేషనోళ్లు చూసేది ఈ మనిషి మన దేశం దాటొచ్చా అని. ఆ దేశంల దిగనిస్తరా లేదా అన్నది చూసుడు వాళ్ల పని కాదు. ఎక్కించుకున్నోళ్ల పని. దిగనియ్యకుంటే వాపస్ తెచ్చేది ఎక్కించుకున్నోళ్లే. జుర్మానా పడేది కూడ వాళ్లకే.”

“పోయేటోనికి లేదా జిమ్మేదారి?” అన్నాడు రమాకాంత్.

“ఉన్నది. మొదలు వానిదే. అయితే వానికి గవన్నీ తెల్వయనే గద కౌంటర్ పెట్టింది.”

“ఎక్కించుకున్నోళ్లంటే ఎవరక్కా?” అంది యమున. “పైలట్ వచ్చి చూస్తడా?”

“కాదు. కౌంటర్ల కూసున్నోళ్లు.”

“అంటే నువ్వు.”

“నిన్న నా కౌంటర్ల చేయలే. మాకు సొంతోళ్లను చేసే రూలు లేదు. పక్క కౌంటర్ల చేసిండ్రు. హిమజ అని, తుక్కుగూడ పిల్ల.”

“అయితే ఆ పిల్లదా తప్పు?”

అరుణజ్యోతి నోరు తెరిచింది. రమాకాంత్ ఆమె వైపు గుడ్లురిమి చూశాడు. యమున ఇద్దరినీ మార్చి మార్చి చూసి, వంటింట్లోకి వెళ్లి గిన్నెలు అవసరం లేకపోయినా సర్దడం మొదలుపెట్టింది.

నిన్న ఉదయం జరిగినది ఈ ఇంట్లో ఇద్దరికే పూర్తిగా తెలుసు. రత్నాకర్ పాస్‌పోర్టును హిమజ యంత్రం మీద మూడుసార్లు గీసింది. మూడుసార్లూ అది చదవలేదు. పేజీని వెలుతురుకు పట్టుకుని చూస్తే, ఫోటో కింద ఉండే రెండు వరుసల అక్షరాల మీద ఎర్రటి మరక. దాన్ని ఎవరో గట్టిగా రుద్దారు. పైనున్న పలచటి పొర తెల్లబడి, ఒక మూల లేచింది. ‘అక్కా, సూపర్‌వైజర్‌కు చూపిద్దామా?’ అని హిమజ పక్క కౌంటర్ వైపు తిరిగింది. అరుణజ్యోతి లేచి వెళ్లి, ఆమె వెనక నిలబడి, వంగి చూసింది. అది చెల్లదని ఆమెకు చూడగానే తెలిసింది. సూపర్‌వైజర్ చూస్తే ఆపుతాడని కూడా తెలిసింది.

‘మావోడే హిమా. చేత్తో కొట్టెయ్,’ అంది.

హిమజ పేరు, నంబరు చేత్తోనే కంప్యూటర్‌లో కొట్టింది. బోర్డింగ్ పాస్ వచ్చింది. రత్నాకర్ వదినకు చెయ్యి ఊపుతూ లోపలికి వెళ్లిపోయాడు.

ఎందుకన్నావని అడిగితే అరుణజ్యోతి దగ్గర పెద్ద కారణమేమీ లేదు. ఆమెకు ఇల్లు గుర్తొచ్చింది. ‘సొంత వదిన ఉండి మా వాణ్ని ఆపింది’ అన్న మాట ఇంక పదేళ్లు పండగ పండగకూ వినాలని గుర్తొచ్చింది. కోడళ్ల విషయంలో మన ఇళ్లల్లో న్యాయం ఇంతే. ఆపితే ఎందుకు ఆపావంటారు, ఆపకపోతే ఎందుకు ఆపలేదంటారు. భయపడి అంది. పిరికితనంతో అంది. ఇంకో పేరు పెట్టి లాభం లేదు.

ఇప్పుడు మేనేజరు సంజీవ సార్ పంపిన ఉత్తరంలో మూడు ప్రశ్నలున్నాయి. ఈ ప్రయాణికుడు మీకు తెలుసా? అతని పత్రాలు మీరు చూశారా? చెక్-ఇన్ చేసిన ఉద్యోగికి మీరేమైనా చెప్పారా? నిన్న ఆ వరుసలో కూర్చున్న వాళ్లంతా ఐదు గంటల్లోపు జవాబు పంపాలి.

యమున అటు వెళ్లగానే రమాకాంత్ గొంతు తగ్గించాడు.

“మూడిటికీ లేదు అని రాయి. అయిపోతది.”

“కెమెరా ఉన్నది ఆడ.”

“కెమెరాల బొమ్మ ఉంటది గాని మాట ఉండదని రాత్రి నువ్వే చెప్పినవ్. పక్క కౌంటర్ల పిల్ల పిలిస్తే లేచి చూసినవ్. గంతే. నీ కార్డు మీద మీ పుట్టింటోళ్ల ఇంటిపేరు ఉన్నది. రత్నాకర్ నీకేమైతడో ఆడ ఎవనికి ఎర్క?”

“హిమజకు ఎర్క.”

“అది చెప్తే చెప్తది. ఒకరి మాట మీద ఇంకొకరిని తీసేస్తరా? దుకాణం పోయేటట్టున్నది. వీని నౌకరి పోయింది. ఇంట్ల ఇంక మిగిలింది నీదొక్కటే అరుణా. జర సోంచాయించు.”

తప్పు మాట చెబుతున్నా అతని మొహంలో భయమే తప్ప దుర్మార్గం కనబడలేదు. అందుకే ఆమె పోట్లాడలేకపోయింది.

వాకిట్లోంచి అత్త నాగులమ్మ పిలిచింది. ఆమె కత్తిపీట ముందు కూర్చుని బొచ్చె చేపను కోస్తోంది. ఇవాళ ఇంట్లో ఎవరూ తినరని ఆమెకు తెలుసు. చేతులు ఊరికే ఉంటే ఆమెకు ఊపిరాడదు, అంతే.

“పెద్దోడా, ఆ పుస్తకానికి ఏమైందిరా? సినిగిందా?”

“సినగలేదవ్వా. మరకైంది.”

“ఏం మరక?”

“ఏదో మరక. నువ్వు నీ పని చూస్కో.”

“కొత్త పుస్తకమాయె. ఎట్లయితది మరక?”

అది ఏం మరకో, ఎవరి చేతిదో రమాకాంత్‌కూ అరుణజ్యోతికీ తెలుసు. ‘అవ్వకు చెప్పకు, అన్నం బంద్ పెడ్తది’ అని రాత్రే అనుకున్నారు. నాగులమ్మ కాసేపు కొడుకు మొహం చూసి, చేప పొలుసు మీదికి తల వంచింది. ఈ ఇంట్లో తనతో ఎవరూ ఏమీ చెప్పడం లేదని ఆమెకు అర్థమైనట్టే ఉంది.

మూడూ నలభైకి గేటు ముందు స్కూటీ ఆగింది.

“హిమజ,” అంది అరుణజ్యోతి, కిటికీలోంచి చూసి.

“లొల్లి చేయనీకి వచ్చిందా?” రమాకాంత్ గబగబా చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. “నువ్వు మాట్లాడకు. నేను మాట్లాడ్త.”

హిమజకు ఇరవై నాలుగేళ్లుంటాయి. మెడలో కార్డు లేదు. రోజూ కార్డు వేలాడే చోటుకు చెయ్యి పోతోంది, ఏమీ దొరక్క వెనక్కి వస్తోంది. లోపలికి వచ్చి ఎవరూ కూర్చోమనకముందే కుర్చీలో కూర్చుంది.

“పాస్ గుంజుకున్నరక్కా. నిన్న సాయంత్రమే.”

“ఎర్కైంది హిమా.”

“ఇంకో నెలయితే పర్మినెంట్ అయితుంటి.”

“చూడమ్మా,” అని రమాకాంత్ అందుకున్నాడు, “జరిగింది జరిగింది. మా అరుణకు ఇండ్ల ఏం సంబంధం లేదు. చూసుడు నీ పని, కొట్టుడు నీ పని—”

“అదే రాసిన నేను,” అంది హిమజ.

రమాకాంత్ ఆగిపోయాడు.

“పన్నెండు గంటలకే పంపిన. నేనే చూసిన, మరక చిన్నదే అనుకున్న, చేత్తో కొట్టిన, నాకెవ్వరు ఏం చెప్పలే అని రాసి సంతకం పెట్టిన. అక్క పేరు రాయలే. అది చెప్పిపోదామనే వచ్చిన. ఫోన్ల చెప్తే అక్క వద్దంటది. నువ్వు కూడ గదే రాయక్కా. ఇద్దరం రెండు తీర్ల రాస్తే ఇద్దరికీ పోతది.”

“ఎందుకట్ల రాసినవ్?” అంది అరుణజ్యోతి. “నేను చెప్పలేదా నీకు?”

“చెప్పినవ్. చెయ్యి నాది గద. వద్దు అంటే నువ్వు నన్ను కొడ్తుంటివా? నేను ట్రైనింగ్ల ఉన్నప్పుడు రెండు తప్పులు జరిగితే నువ్వు నీ మీద ఏసుకున్నవ్. నాకు యాది లేదా?”

అరుణజ్యోతికి ముందు హాయి అనిపించింది. నిజంగానే అనిపించింది. బతికిపోయాను అనుకుంది. మరుక్షణం ఆ హాయి మీద ఆమెకే అసహ్యం వేసింది.

రమాకాంత్ మాత్రం ఒక్కసారిగా మర్యాదస్తుడైపోయాడు. మన మగవాళ్లలో ఈ విద్య చాలామందికి వచ్చు.

“యమునా, ఛాయ్ పెట్టు. బిడ్డ ఎండల వడి వచ్చింది. ఫ్యాన్ కిందికి జరుగు బిడ్డా. నీ అసొంటి పిల్లలు ఈ కాలంల ఏడున్నరు? నేను తెలిసినోళ్లకు చెప్తా. ఆదిబట్ల దిక్కు మస్తు కంపెనీలున్నయి. ఫికర్ చేయకు.”

హిమజ సరేనని తల ఊపింది. యమున తెచ్చిన ఛాయ్ గ్లాసు పట్టుకుంది గానీ తాగలేదు.

నాగులమ్మ చేతులు కడుక్కుని గుమ్మంలోకి వచ్చింది. ఇంటి మనుషులను వదిలేసి నేరుగా హిమజనే అడిగింది.

“బిడ్డా, నువ్వు చూసినవ్ గదా మావోని పుస్తకం. ఏం మరక అది?”

“అవ్వా, ఇప్పుడు గదెందుకు?” అన్నాడు రమాకాంత్.

ఆ ఇంట్లో అది దాచిన సంగతని హిమజకు ఏం తెలుసు? మామూలుగా చెప్పేసింది.

“కుంకుమమ్మా. ఫోటో కింద రెండు వరుసల అక్షరాలుంటయి గద, వాటి మీద. దాన్ని పోగొడ్దామని ఆయన శానిటైజర్ పెట్టి రుద్దిండట, నిన్న క్యాబుల. ఆ పొర లేచిపోయింది. మిషిన్ చదివేది ఆ రెండు వరుసలనే.”

నాగులమ్మ గోడకు చెయ్యి ఆనించింది.

“ఆ రెండు గీతలనా?”

“అవ్ అమ్మా.”

“నేనే పెట్టిన,” అంది నాగులమ్మ. “కొత్త వల నీళ్లల్ల ఏసే ముందు పెడ్త. బండికి పెడ్త. వీని దుకాణానికి పెట్టిన. అన్నిటికి పెట్టి దీనికి పెట్టకపోతే ఎట్ల అని మొన్న దేవుని ముంగట పెట్టి, పసుపు కుంకుమ పెట్టిన. పుస్తకం తెరిస్తే వాని ఫోటో ఉన్నది. ఫోటోకు బొట్టు ఎట్ల పెడ్త బిడ్డా? పోయినోళ్ల ఫోటోకు గద పెట్టేది. నాకు చెయ్యి రాలే. గందుకే వాని మొఖానికి తగలకుండ కిందికి జరిపి పెట్టిన. అడుగున ఏవో పిచ్చి గీతలున్నయి. గవి ఎవరికి పనికొస్తయిలే అనుకున్న.”

యమున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అరుణజ్యోతి అత్తను పట్టుకోబోయింది. ముసలామె ఆ చెయ్యి తోసేసింది.

“ఇంట్ల అందరికి ఎర్కనా?”

“అత్తా, నువ్వు బాధపడతవని—”

“నన్ను పిచ్చిదాన్ని చేసిండ్రు. ఈ పిల్ల నౌకరి నా చెయ్యి మీద పోయింది. నేను వస్త మీ ఆఫీసుకు. పెట్టింది నేను. నా పేరు రాసుకోమను.”

“నువ్వు పోయి చెప్తే నవ్వుతరే అవ్వా,” అన్నాడు రమాకాంత్. “కుంకుమ పెట్టుడు తప్పు కాదు. చూడకుండ ఎక్కిచ్చుడు తప్పు. ఈ పిల్ల ఒప్పుకున్నది గద. ఇంక అయిపోయింది. ఇంక ఎవరూ—”

అప్పుడే అరుణజ్యోతి ఫోను మోగింది. రత్నాకర్. యమున ఒక్క అంగలో వచ్చి ఫోను లాక్కుని స్పీకర్ పెట్టింది.

“తిన్నవా?” అంది.

“తిన్న. బ్రెడ్డు ఇచ్చిండ్రు. వదిన ఉన్నదా?”

“ఉన్న రత్నాకర్. చెప్పు.”

“వదినా, నువ్వేం ఫికర్ చేయకు.” అతని గొంతు హుషారుగా ఉంది. “ఇందాక మన విమానపు కంపెనీ సార్ వచ్చిండు. హిందీల మాట్లాడిండు. పాస్‌పోర్టు గిట్లుంటే నిన్ను ఎట్ల ఎక్కిచ్చిండ్రు, ఎవరు చూసిండ్రు అని గరం అయిండు. నేను కూడ తగ్గలే. మా సొంత వదిన ఆడ తొమ్మిదేండ్ల నుంచి పని చేస్తది, వదిననే చూసింది అని చెప్పిన. పక్క మేడం సూపర్‌వైజర్‌కు చూపిద్దామన్నా వదినే వద్దని కొట్టిచ్చింది, మేం గట్లగిట్ల వచ్చినోళ్లం కాదు అన్న. మనోళ్లు లోపల ఉన్నరని తెలిస్తే జర ఇజ్జత్‌తోని చూస్తరు గద? అప్పటినుంచి మంచిగనే మాట్లాడుతుండు.”

అరుణజ్యోతి కళ్లు మూసుకుంది.

“ఉత్తగ చెప్పినవా? రాసుకున్నడా?”

“రాసుకున్నడు. సంతకం పెట్టిన. హైదరాబాద్‌కు పంపిండంట, గంట కింద. ఎందుకు వదినా? ఏమన్న తప్పయిందా?”

“ఏం కాలే,” అంది అరుణజ్యోతి. “జాగ్రత్తగ రా.”

ఫోను పెట్టేసింది. హిమజ మొహంలో రంగు లేదు.

“నాకెవ్వరు చెప్పలే అని రాసిన నేను,” అంది మెల్లగా. “సంతకం పెట్టిన. ఇప్పుడు తప్పుతోని పాటు అబద్ధం కూడ నా మీదికే వచ్చింది.”

రమాకాంత్ రెండుసార్లు గదిలో ఆ చివరనుంచి ఈ చివరకు నడిచాడు. తర్వాత ఆగి, వేలు పైకెత్తి, భార్యతో అన్నాడు.

“ఇను. ఇప్పుడు గూడ ఏం మించిపోలే. నువ్వు గిట్ల రాయి. వాడు నా మరిదే, మరక నేను చూసిన, ఆపమనే చెప్పిన, హిమజనే ఇనలే అని. రత్నాకర్ వచ్చినంక, భయంల ఉల్టా చెప్పిన అంటడు. ఈ పిల్ల ఎట్లాగు కొట్టుమని ఎవ్వరు చెప్పలే అని రాసిచ్చిందాయె. మంచిగ కలుస్తది.”

ఛాయ్ గ్లాసు హిమజ చేతిలోనే ఉంది.

“బావా,” అంది యమున. పొద్దుటినుంచి అక్కను నిలదీస్తున్న మనిషి. “ఆ పిల్ల ఈడనే కూసున్నది.”

రమాకాంత్ తల దించుకున్నాడు, కానీ మాట వెనక్కి తీసుకోలేదు. హిమజ గ్లాసును జాగ్రత్తగా కింద పెట్టింది. లేచి, నాగులమ్మ ఒక్కదానితోనే “పోయొస్త అమ్మా” అని చెప్పి బయటికి నడిచింది.

అరుణజ్యోతి మంచం మీది చున్నీ తీసుకుని, బీరువా మీదున్న తన కార్డు మెడలో వేసుకుంది.

“ఏడికి?” అన్నాడు రమాకాంత్.

“ఎయిర్‌పోర్టుకు. ఆడనే రాస్త.”

“ఇంట్ల కూసొని మెయిల్ కొడితే సరిపోతది గద.”

“ఇంట్ల కూసొని రాస్తే నువ్వు చెప్పింది రాస్త. నా సంగతి నాకెర్క.”

అది నిజం. ఇన్నేళ్లలో ఆమె ఈ ఇంట్లో తన గురించి చెప్పుకున్న నిజాల్లో అదే పెద్దది. రమాకాంత్ దారికి అడ్డం నిలబడ్డాడు. యమున వచ్చి అతని పక్కన నిలబడి, “పోనియ్యి బావా,” అంది. ఎందుకందో ఆమెకే తెలియాలి. అతను ఒక పక్కకు జరిగాడు.

గేటు బయట హిమజ స్కూటీ తిప్పుకుంటోంది. అరుణజ్యోతి పరుగున వెళ్లి వెనక కూర్చుంది.

“పా హిమా. లోపలికి నిన్ను రానియ్యరు, నేను పోయి సంజీవ సార్‌తోని మాట్లాడ్త.”

హిమజ బండి స్టార్ట్ చేయలేదు.

“దిగక్కా.”

“హిమా—”

“నిన్న నువ్వు నా ఎనక నిలబడి చెప్పినవ్, నేను కొట్టిన. ఇయాల మల్ల ఎనక కూసొని పా అంటే నేను నడపాల్నా? దిగు.”

అరుణజ్యోతి దిగింది. వీధిలో రెండిళ్ల తలుపులు తెరుచుకున్నాయి. మొహం మంటగా ఉంది. వెళ్లిపోతుందేమో అనుకుంది. హిమజ సీటు మీద వెనక్కి జరిగి, ముందు ఖాళీ చూపించింది.

“నడుపు.”

బస్టాండు దగ్గర లారీ అడ్డం తిరుగుతుంటే ఐదు నిమిషాలు పోయాయి. శేరిగూడ దాటారు. మంగళ్‌పల్లి దగ్గర రమాకాంత్ ఫోను. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. మళ్లీ ఎత్తలేదు. ఇద్దరూ ఒక్క మాట అనుకోలేదు. మలుపుల దగ్గర హిమజ చెయ్యి ఆమె భుజం మీద పడుతోంది, వెంటనే తీసేస్తోంది. ఏం చెప్పాలో అరుణజ్యోతి దారి పొడుగునా కూడబలుక్కుంది. నా మరిది సార్. నేను చూసిన సార్. చెప్పింది నేనే సార్. మూడు ప్రశ్నలకు మూడు మాటలు. చెప్పేస్తే హిమజ బయటపడుతుంది. తనకేమైతే అదవుతుంది.

బొంగులూరులో రింగురోడ్డు కిందికి వచ్చేసరికి మళ్లీ మోగింది. హిమజ ఆమె భుజం మీంచి వంగి తెర చూసింది.

“మీ ఆయన కాదు. సంజీవ సార్.”

అరుణజ్యోతి వంతెన నీడలో బండి పక్కకు ఆపింది. కార్ల మోతలో వినబడదని స్పీకర్ పెట్టింది.

“అరుణజ్యోతి గారూ, మస్కట్ నుంచి ఒక కాగితం వచ్చింది.”

“ఎర్క సార్. నేను మీ దగ్గరికే వస్తున్న. ఇప్పుడే చెప్తా సార్, ఇనండి. ఆయన నా మరిది. పాస్‌పోర్టు నేను చూసిన. సూపర్‌వైజర్‌కు చూపిద్దామని హిమజ అన్నది. వద్దని, చేత్తో కొట్టమన్నది నేనే.”

చెప్పేసింది. నిన్నటినుంచి గొంతులో ఇరుక్కున్న మాట చెప్పడానికి ఇంత కొంచెంసేపు పట్టిందా అని ఆమెకే ఆశ్చర్యం వేసింది.

“నిజం చెప్పినందుకు సంతోషం,” అన్నాడు సంజీవ సార్. “కానీ ఒక చిక్కు వచ్చింది. హిమజది తెలియక చేసిన పొరపాటని రాసి, నెల రోజులు మళ్లీ శిక్షణకు పంపి, ఉద్యోగంలోకి తీసుకోవాలని ఇప్పుడే పైవాళ్లను ఒప్పించి వచ్చాను. తెలియక చేస్తే ఆ వీలుంది. మస్కట్ కాగితం ప్రయాణికుడి మాట, దాన్ని పక్కన పెట్టగలను. మీ మాటను పక్కన పెట్టలేను. మీరు చెప్పింది రాసుకుంటే హిమజ తెలిసే చేసిందని అవుతుంది. పైగా ఎవరూ చెప్పలేదని సంతకం పెట్టి ఇచ్చింది. అప్పుడు ఆ అమ్మాయి ఉద్యోగం నేను నిలబెట్టలేను. ఐదుకు పావుగంట ఉంది. రాసుకోమంటారా, ఇప్పుడు విననట్టు ఉండమంటారా?”

పైన రింగురోడ్డు మీద లారీలు పోతూనే ఉన్నాయి. అరుణజ్యోతి వెనక్కి తిరిగింది. హిమజ బండి దిగి, నాలుగడుగులు అవతలికి వెళ్లి నిలబడి ఉంది. ప్రతి మాటా విన్నది.

“హిమా,” అంది అరుణజ్యోతి.

“నా దిక్కు చూడకక్కా,” అంది హిమజ. “ఈసారి నేను చెప్ప.”